సుడి కాడ

గొర్రెల కత్తి గుర్రానికి పనికిరాదని
సత్తార్ భాయ్‌కి మొదలే చెప్పిన.
దాని పండ్లు ఎడం ఎడం,
ఉన్నిని దువ్వుకుంట పోయి తెంపుతది.
గుర్రం వెంట్రుక సన్నం, తోలుకు అతుక్కొని పంటది.
ఈ కత్తి పెడితే చెల్కల నాగలి తిప్పినట్టు
ఒళ్లంత చాళ్లు పడతయి.

"పడనీ" అన్నడు.
"ఇరవై రెండేండ్ల ముసల్ది,
దానికి ఇప్పుడేం పెండ్లిచూపులున్నయి?"

బరాత్ గుర్రమది. పేరు రేష్మా.
జడ్చర్ల నుంచి మక్తల్ దాక
ఎంతమంది పెండ్లికొడుకులను మోసిందో
సత్తార్ భాయ్ కాడ కూడ లెక్కలేదు.
రెండేండ్ల సంది చలికాలం బొచ్చు రాలుతలేదు.
ఉగాది దాటినా ఒంటిమీద గొంగడి అట్లనే.
వయసుతోని వచ్చే రోగమని డాక్టర్ చెప్పిండట.
మిట్టమధ్యాహ్నం రేకుల కింద
నిలవడ్డకాడనే చెమటల తడిసి
డొక్కలు కొలిమితిత్తి లెక్క ఆడుతయి.

హైదరాబాద్ నుంచి సన్నపండ్ల బ్లేడు తెప్పించిన.
రెండు జతలు. ఒకటి మొద్దువోతే ఇంకొకటి.
పైసలు సగం ఆయనవి, సగం...
పోనీ, చెప్పుడు మంచిగుండదు.

ముందురోజే కడిగించిన.
వెంట్రుకలల్ల మట్టి ఉంటే కత్తి గంటల్నే సస్తది,
అందుల పాలమూరు మట్టి.
పూర్తిగ ఆరేదాక ఆగిన.
తడి బొచ్చును మిషన్ కోయది, కొరుకుతది.

మా నాయిన కొమ్మయ్య జోడుకత్తెరతోని
పొద్దుగూకేసరికి నలభై గొర్లకు తీసెటోడు.
గొర్రెను ఎల్లకిల పండేసి మోకాళ్ల నడుమ పడితే
ఇగ మెదలది.
గుర్రాన్ని ఎవలు పండేస్తరు?
అడగాలె.

దూరంగ నిలవడి మిషన్ ఆన్ చేసిన.
రెండు చెవులూ అటు తిరిగినయి.
బ్యాండు, పటాకలు, డీజే విన్న చెవులు
గీ తుమ్మెద మోతకు బెదిరినయి.
మిషన్ వెనుకభాగం భుజానికి ఆనిచ్చి
వణుకు తోలులకు దిగేదాక ఉన్న.
ఒక బీడీ సేపు. రెండు బీడీల సేపు.
అప్పుడు ఊపిరి ఇడిసింది.

భుజం కాడ మొదలువెట్టిన.
వెంట్రుక వాలుకు ఎదురు,
పొడుగు గీత, దానిమీద సగం ఎక్కి ఇంకో గీత.
ఒత్తొద్దు, మిషన్ బరువే సాలు.
మోచేతి సందుల, గొంతు కింద
ఎడమచేత్తోని తోలు గుంజిపట్టాలె.
ఆడ తెగితే గుర్రం జన్మల మరువది.
మాటిమాటికి బ్లేడు నా మణికట్టు లోపల ఆనిచ్చి జూసిన.
నాకు కాలితే దానికీ కాలినట్టే.
బ్రష్షు, నూనె చుక్క, మళ్ల.

జీను కూసునే కాడికొచ్చినంక
సత్తార్ భాయ్ సప్పుడు జేయకుంట లేసి నిలవడ్డడు.
బొచ్చు కింద తెల్లమచ్చలు,
జరీజీను ఒరుసుకొని పుండ్లయి మానిన జాగలు.
రెండు పక్కల, సరిగ్గ
పెండ్లికొడుకుల మడిమెలు ఆనే కాడ
వెంట్రుకే లేని బిళ్లలు.
చేయి పెట్టి జూసిండు.
"నేనెప్పుడు సూడలే" అన్నడు.
రోజూ మాలిష్ చేసిన చెయ్యే అది.

డొక్కల సుడి ఉన్నది.
ఆడ వాలు నాలుగు దిక్కులకు తిరుగుతది,
కత్తి ఎటు పెట్టినా కొంత ఎదురు, కొంత వాలు.
మణికట్టు తిప్పుకుంట
దాని సుట్టే పోవాలె.
"ఈ సుడి జూసే ఆరువేలకు ఇచ్చిండ్రు.
కొన్నోడు ఆగమైతడన్నరు.
ఆగమైన్నో లేదో ఇప్పటికీ తెల్వదు."
నవ్విండు.
నేను నవ్వలే, చెయ్యి కదుల్తదని.

కాళ్ల బొచ్చు ముట్టలే, ఈగలు ముసురుతయి.
మొకానికి కత్తెరనే,
తలకాయ ఆయననే పట్టుకొమ్మన్న.

అయిపోయేసరికి ఎర్రగుర్రం పోయి
ఎలుకరంగు గుర్రం నిలవడ్డది.
మెడ పక్కకు మూడు చాళ్లు మిగిలినయి, నా తప్పే.
వారానికి కలిసిపోతయని చెప్పిన.
రేకుల సందుకెళ్లి గాలొచ్చింది.
రేష్మా తోలు భుజం నుంచి తోకదాక
చెరువుమీద అల పోయినట్టు పోయింది.

గొర్రెబొచ్చయితే గొంగడైతది,
కిలోకింత అని ఉంటది.
ఇది రెండు సంచులు నిండింది, ఎవలు కొంటరు?
"పారేస్తనా?" అన్న.
సత్తార్ భాయ్ సంచిమూతి కట్టుకుంట
"ఉండనీ" అన్నడు.
దేనికని అడగలే.

ఇంటికొచ్చినంక
గొర్రెపిల్ల నా చెయ్యి వాసన జూసి
ఎనుకకు జరిగింది.